జాన్ మెక్‌లెండన్: తలుపులేసి ఆడించిన ఆ ఒక్క మ్యాచ్.. 52 ఏళ్ల దాకా బయటపడని రహస్యం! ఎవరీ బాస్కెట్‌బాల్ గురువు?

బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన మనిషి దగ్గరే ఆయన చదువుకున్నారు. కానీ అదే యూనివర్సిటీ జట్టులో ఆడే అవకాశం దక్కలేదు. కారణం ఒక్కటే.. ఒంటి రంగు. ఆడనివ్వకపోతే ఆడించి చూపిస్తానని కోచ్ అయ్యారు. మూడేళ్లు వరుసగా జాతీయ టైటిల్ గెలిచిన తొలి కాలేజీ కోచ్‌గా అమెరికాలో చరిత్ర సృష్టించారు. ఆయనే జాన్ మెక్‌లెండన్.

అది 1944 మార్చి 12, ఆదివారం. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, డర్హమ్ నగరం. ఊరు ఊరంతా చర్చిలో ఉండే వేళ. అరువు తెచ్చుకున్న కార్లలో కొందరు తెల్లజాతి కుర్రాళ్లు బయల్దేరారు. నేరుగా వెళ్తే ఎవరైనా గుర్తుపడతారని చుట్టు తిరిగి సందుల్లోంచి వెళ్లారు. కార్లు ఓ చిన్న జిమ్ ముందు ఆగాయి. కుర్రాళ్లు కోట్లు తల మీదికి లాక్కుని గబగబా లోపలికి వెళ్లిపోయారు. వెంటనే తలుపులకు గడియ పడింది.

ఆ జిమ్ నార్త్ కరోలినా కాలేజ్ ఫర్ నీగ్రోస్‌ది. నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన కాలేజీ అది. వచ్చిన వాళ్లేమో అదే ఊళ్లోని డ్యూక్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీ జట్టు. లోపల జరగబోయేది బాస్కెట్‌బాల్ మ్యాచ్. అంతే. కానీ నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఆడటం ఆ రోజుల్లో అక్కడ మామూలు విషయం కాదు. బయటికి పొక్కితే కాలేజీలో సీటు పోవచ్చు, ఉద్యోగం ఊడొచ్చు. అంతకంటే ఘోరం కూడా జరగొచ్చు. అదే ఏడాది జులైలో ఇదే డర్హమ్‌లో బస్సులో సీటు దగ్గర మొదలైన గొడవలో బుకర్ స్పైస్‌లీ అనే నల్లజాతి సైనికుడిని తెల్లజాతి బస్సు డ్రైవర్ కాల్చి చంపాడు. పరిస్థితులు అలా ఉండేవి.

మరి అంత రిస్క్ తీసుకుని ఈ మ్యాచ్ పెట్టిందెవరు? ఎందుకు పెట్టారు? ఆ వివరాల్లోకి వెళ్లాలంటే ముందు కాన్సస్ రాష్ట్రానికి వెళ్లాలి.

ఆట పుట్టించిన గురువు.. ఆడే అవకాశం లేని శిష్యుడు

జాన్ మెక్‌లెండన్ 1915 ఏప్రిల్ 5న కాన్సస్ రాష్ట్రంలోని హియావాతాలో పుట్టారు. పెరిగింది కాన్సస్ సిటీలో. చిన్నప్పటి నుంచి బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరు అడిగినా ఆయన దగ్గర ఒకటే సమాధానం ఉండేది.. కోచ్ అవుతాను అని.

1933లో కాన్సస్ యూనివర్సిటీలో చేరారు. అక్కడ ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగంలో ఓ ముసలాయన పాఠాలు చెబుతుండేవారు. పేరు డాక్టర్ జేమ్స్ నైస్మిత్. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పీచ్ పండ్ల బుట్టలు గోడకు వేలాడదీసి, 13 రూల్స్ రాసి, బాస్కెట్‌బాల్ అనే ఆటను పుట్టించింది ఈయనే. యూనివర్సిటీలో చేరిన వెంటనే నైస్మిత్‌ను కలిసి, ఆయన్నే సలహాదారుగా పెట్టుకొమ్మని తండ్రి కొడుక్కి చెప్పి పంపారు. కుర్రాడు అలాగే చేశాడు. నైస్మిత్ కూడా సరేనన్నారు.

కానీ ఓ గోడ మాత్రం అలాగే ఉండిపోయింది. కాన్సస్ జట్టు తెల్లజాతి విద్యార్థులకే పరిమితం. అప్పటి కోచ్ ఫాగ్ అలెన్ దేశంలోనే పేరు మోసిన వ్యక్తి. ఆయన జట్టు ఆడుతుంటే మెక్‌లెండన్ బయట నుంచి చూడాల్సిందే. అందుకే చూసి నేర్చుకున్నారు. నైస్మిత్ వెంట నడుస్తూ నేర్చుకున్నారు. ఊళ్లోని నల్లజాతి హైస్కూల్ విద్యార్థుల జట్టుకు కోచింగ్ ఇస్తూ నేర్చుకున్నారు. 1936లో కాన్సస్ యూనివర్సిటీ నుంచి ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిగ్రీ తీసుకున్న తొలి నల్లజాతి విద్యార్థిగా నిలిచారు.

ఇక్కడో ఆసక్తికరమైన విషయం ఉంది. కాన్సస్ జట్టుకు మొదటి కోచ్ నైస్మితే. ఆ యూనివర్సిటీ కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నది కూడా ఆయన ఒక్కరికే. గెలుపోటముల లెక్క ఆయనకు పెద్దగా పట్టేది కాదు. ఆట మనిషిని తీర్చిదిద్దాలి, అదే ఆయన పట్టుదల. ఆ పాఠం శిష్యుడు వంటబట్టించుకున్నాడు. అయితే గెలవడం కూడా నేర్చుకున్నాడు!

స్విమ్మింగ్ పూల్ గొడవ.. అక్కడే తేలిపోయిన పద్ధతి

మెక్‌లెండన్ తర్వాతి జీవితం అర్థం కావాలంటే కాన్సస్‌లో జరిగిన ఒక సంఘటన తెలియాలి. ఫిజికల్ ఎడ్యుకేషన్ డిగ్రీకి ఈత తప్పనిసరి. కానీ యూనివర్సిటీ పూల్‌లోకి నల్లజాతి విద్యార్థులను దిగనిచ్చేవాళ్లు కాదు. నీళ్లలోకి దిగకుండానే మార్కులు వేసేస్తామని ఆయనకు ఆశ చూపారు. ఆయన ఒప్పుకోలేదు. వెళ్లి ఈదారు. వెంటనే పూల్‌లో నీళ్లన్నీ తోడేశారు!

ఇంకొకరైతే అక్కడే కేకలు వేసేవారు, లేదా తల వంచుకుని వెళ్లిపోయేవారు. మెక్‌లెండన్ రెండూ చేయలేదు. ఓ షరతు పెట్టారు. రెండు వారాలు పూల్ అందరికీ తెరిచి ఉంచండి, ఏ గొడవా జరగకపోతే ఇక శాశ్వతంగా తెరవండి అన్నారు. అధికారులు సరేనన్నారు. తర్వాత ఆయన చడీచప్పుడు లేకుండా తోటి నల్లజాతి విద్యార్థులందరినీ కలిసి, ఆ రెండు వారాలు పూల్ వైపు ఎవరూ వెళ్లొద్దని చెప్పి వచ్చారు. ఎవరూ వెళ్లలేదు, గొడవ జరగలేదు. మాట ప్రకారం పూల్ తెరవాల్సి వచ్చింది. ఈ వ్యవహారంలో నైస్మిత్ శిష్యుడి పక్షానే నిలబడ్డారు.

కోపాన్ని బయటికి కనబడనీయకుండా దాన్ని లెక్కగా మార్చుకోవడం, అవతలి వాళ్లకు కాదనే వీలు లేకుండా చేయడం.. ఆ తర్వాత అరవై ఏళ్లూ ఆయన నడిచిన దారి ఇదే.

డర్హమ్‌లో తొలి అడుగు.. పరుగే ఆయుధం

అయోవా యూనివర్సిటీలో మాస్టర్స్ పూర్తి చేసి, 1937లో మెక్‌లెండన్ డర్హమ్‌లోని నార్త్ కరోలినా కాలేజీలో చేరారు. 1940లో హెడ్ కోచ్ బాధ్యతలు అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. ఆయన ఆటగాళ్లకూ ఆయనకూ వయసులో పెద్ద తేడా కూడా లేదు.

చేతిలో ఏముంది? చిన్న కాలేజీ, చిన్న జిమ్, అంతంతమాత్రం డబ్బులు. పెద్ద యూనివర్సిటీలు ఈ కాలేజీతో ఆడవు. తెల్లజాతి పత్రికలు వీళ్ల మ్యాచ్‌ల గురించి పెద్దగా రాయవు. ప్రయాణానికి బయల్దేరితే దారిలో తిండి దొరుకుతుందో లేదో తెలియదు, పడుకోవడానికి చోటు ఉంటుందో లేదో తెలియదు. అందుకే ఏ ఊళ్లో ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు అన్నది కూడా కోచ్ ముందే చూసుకునేవారు. కుర్రాళ్లు ఎవరి చేతా మాట పడకూడదన్నది ఆయన పట్టుదల.

అలాంటి చోట ఆయన నమ్ముకున్నది పరుగును. అప్పట్లో బాస్కెట్‌బాల్ అంటే నిదానంగా సాగే ఆట. బంతి పట్టుకుని మెల్లగా నడిచి వెళ్లి, పాస్‌లు ఇచ్చుకుంటూ, నిలబడి రెండు చేతులతో షాట్ వేయడం. మెక్‌లెండన్ దాన్ని తిరగేశారు. ప్రత్యర్థి షాట్ మిస్ అయి బంతి చేతికి చిక్కిందా.. మరుక్షణం అయిదుగురూ అవతలి బుట్ట వైపు దూసుకెళ్లాలి. ఎదుటివాళ్లు తేరుకునేలోపు పాయింట్ పడిపోవాలి. దీన్నే ఫాస్ట్ బ్రేక్ అంటారు. బంతి పోతే వెనక్కి వచ్చి కాచుకోవడం కాదు, కోర్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడికక్కడే అడ్డుకోవాలి. దీనికీ మూలం నైస్మిత్ మాటే. బంతి ఎక్కడుంటే అక్కడే ఆట ఆడాలి, కోర్టు మొత్తం ఆటదే అని గురువు చెప్పిన సంగతిని శిష్యుడు ఓ వ్యవస్థగా మార్చేశారు.

ఇలా ఆడాలంటే ఊపిరి ఉండాలి కదా! అందుకే సీజన్‌కు ముందు బంతి కంటే ఎక్కువగా రోడ్డు మీద పరుగే ఉండేది. దూరాలు పరిగెత్తించేవారు. మొదట్లో కుర్రాళ్లకు చుక్కలు కనిపించేవి. కానీ మ్యాచ్‌లో రెండో సగానికి వచ్చేసరికి అవతలి జట్టు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతుంటే, వీళ్లు అప్పుడే మొదలుపెట్టినట్టు ఆడేవాళ్లు. 1943లో ఆయన ఆటగాడు రాకీ రాబర్సన్ షా యూనివర్సిటీపై ఒకే మ్యాచ్‌లో 58 పాయింట్లు కొట్టారు. జట్లు కలిపి కూడా అంత స్కోరు చేయలేని మ్యాచ్‌లు ఉన్న కాలం అది.

ఆ తలుపుల వెనక ఏం జరిగింది?

ఇప్పుడు మళ్లీ 1944 మార్చికి వద్దాం. ఆ సీజన్‌లో మెక్‌లెండన్ జట్టు ఓడింది ఒక్క మ్యాచ్‌లోనే. కానీ తాము నిజంగా ఎంత గట్టి జట్టో తేల్చుకునే దారి లేదు. జాతీయ టోర్నీలకు నల్లజాతి కాలేజీలను పిలిచేవాళ్లే లేరు. మరోవైపు డ్యూక్ మెడికల్ కాలేజీ జట్టుకు కూడా ఊళ్లో ఎదురులేదు. యుద్ధ కాలంలో సైనిక శిక్షణ కింద అక్కడ వైద్యం చదువుతున్న కుర్రాళ్లలో, అంతకుముందు వేరే వేరే కాలేజీలకు ఆడి పేరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

వైఎంసీఏ ఏర్పాటు చేసే ప్రార్థనా సమావేశాల్లో రెండు కాలేజీల విద్యార్థులు గుట్టుగా కలిసేవాళ్లు. అక్కడే మాటామాటా పెరిగింది. ఎవరి జట్టు గొప్ప అన్న వాదన చివరికి మ్యాచ్ దాకా వచ్చింది. మెక్‌లెండన్ ఒప్పుకున్నారు. కానీ ఏర్పాట్లు మాత్రం ఆయన పద్ధతిలోనే జరిగాయి. ఆదివారం ఉదయం, జనం చర్చిలో ఉండే టైమ్. ప్రేక్షకులు ఉండరు. కాలేజీ పెద్దలకు కూడా చెప్పలేదు. సంగతి తెలిసిన నల్లజాతి పత్రికా విలేకరి సైతం ఒక్క ముక్క రాయనని మాటిచ్చారు. అయితే ఆట మాత్రం అసలైన ఆటే. రెఫరీ ఉన్నారు, గడియారం ఉంది.

మొదటి కొన్ని నిమిషాలు ఇరువైపులా వణుకే. తెల్లవాళ్లతో ఒళ్లు తగిలేలా ఆడటం మెక్‌లెండన్ కుర్రాళ్లలో కొందరికి అదే మొదటిసారి. సులువైన షాట్లు కూడా తప్పిపోయాయి. ఆ తర్వాత మెల్లగా భయం పోయింది, పరుగు మొదలైంది. ఇక అంతే.. డ్యూక్ జట్టు ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. చివరికి స్కోరు 88-44. సరిగ్గా రెట్టింపు.

కథ అక్కడితో అయిపోలేదు. కాసేపు సేద తీరాక రెండు జట్ల వాళ్లూ కలిసిపోయారు. ఆటగాళ్లను కలగలిపి, నల్లవాళ్లు తెల్లవాళ్లు ఒకే జట్టులో ఉండేలా పంచుకుని మరో మ్యాచ్ ఆడారు. తర్వాత హాస్టల్ గదుల్లో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఆపై ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. నోరు మాత్రం ఎవరూ విప్పలేదు.

ఆ రహస్యం 1996 దాకా అలాగే ఉండిపోయింది. చరిత్రకారుడు స్కాట్ ఎల్స్‌వర్త్ అప్పటి ఆటగాళ్లను వెతికి పట్టుకుని, న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన తర్వాతే లోకానికి తెలిసింది. అప్పటికి 52 ఏళ్లు గడిచిపోయాయి. ఆ గెలుపు ఏ రికార్డు పుస్తకంలోనూ లేదు. కానీ తమ ఆటకు ఎవరి ముందూ తలొంచాల్సిన పని లేదని ఆ కుర్రాళ్లకు, వాళ్ల కోచ్‌కు ఆ ఉదయమే తేలిపోయింది.

మాకు పిలుపు లేదా? మేమే టోర్నీ పెడతాం!

1946లో మెక్‌లెండన్ మరికొందరు కోచ్‌లతో కలిసి నల్లజాతి కాలేజీల సంఘమైన సీఐఏఏకు సొంతంగా ఓ టోర్నమెంట్ మొదలుపెట్టారు. మొదటి పోటీలు వాషింగ్టన్‌లోని టర్నర్స్ అరీనాలో జరిగాయి. ఫైనల్ మూడు ఓవర్‌టైమ్‌ల దాకా వెళ్లింది. చివరికి వర్జీనియా యూనియన్‌పై మెక్‌లెండన్ జట్టే గెలిచింది. ఆ టోర్నీ నేటికీ ఏటా జరుగుతోంది. ఇప్పుడది ఆట ఒక్కటే కాదు, పూర్వ విద్యార్థులంతా కుటుంబాలతో తరలివచ్చే పెద్ద పండగ.

1950లో ఇంకో అడుగు పడింది. ఎన్‌బీఏలోకి నల్లజాతి ఆటగాళ్లు అడుగుపెట్టిన ఏడాది అది. తన శిష్యుడు హెరాల్డ్ హంటర్‌ను, వెస్ట్ వర్జీనియా స్టేట్ ఆటగాడు ఎర్ల్ లాయిడ్‌ను మెక్‌లెండన్ వెంటబెట్టుకుని వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టు ట్రయల్స్‌కు తీసుకెళ్లారు. ఇద్దరికీ కాంట్రాక్టులు దొరికాయి. హంటర్ సీజన్ మొదలయ్యేలోపే జట్టు నుంచి బయటికి రావాల్సి వచ్చినా, లాయిడ్ మాత్రం ఆ అక్టోబర్ 31న ఎన్‌బీఏ మ్యాచ్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యారు. తర్వాత బోస్టన్ సెల్టిక్స్‌తో 10 ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచిన సామ్ జోన్స్ కూడా డర్హమ్‌లో కాలేజీ ఆట మొదలుపెట్టింది మెక్‌లెండన్ దగ్గరే.

1952లో డర్హమ్ వదిలేనాటికి అక్కడ ఆయన లెక్క 239 గెలుపులు, 68 ఓటములు. ఆ తర్వాత రెండేళ్లు హాంప్టన్‌లో పనిచేసి, 1954లో టెన్నెసీ రాష్ట్రం నాష్‌విల్‌కు వెళ్లారు.

హోటల్ గది దగ్గర పెట్టిన షరతు

నాష్‌విల్‌లోని టెన్నెసీ ఏ అండ్ ఐ కూడా నల్లజాతి విద్యార్థుల కాలేజీయే. ఇప్పుడు దాన్ని టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీ అంటున్నారు. మెక్‌లెండన్ అక్కడికి వెళ్లేసరికి ఓ తలుపు కొద్దిగా తెరుచుకుంది.

అమెరికా కాలేజీ క్రీడల్లో పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. నల్లజాతి కాలేజీలను కూడా జాతీయ పోటీలకు రానివ్వాలని మెక్‌లెండన్, తోటి కోచ్‌లు కమిటీ వేసుకుని మరీ దాన్ని అడిగారు. పని జరగలేదు. దాంతో చిన్న కాలేజీల సంఘమైన ఎన్‌ఏఐఏ వైపు చూశారు. దాని చరిత్రా అంత గొప్పదేం కాదు. 1948 వరకు ఆ సంస్థ టోర్నీలో నల్లజాతి ఆటగాళ్లపై నిషేధం ఉండేది. తర్వాతి కాలంలో యూసీఎల్‌ఏ కోచ్‌గా దిగ్గజమైన జాన్ వుడెన్, అప్పట్లో ఇండియానా స్టేట్ కోచ్‌గా ఉంటూ, తన జట్టులోని నల్లజాతి కుర్రాడిని వదిలేసి రావడం ఇష్టంలేక 1947లో ఆ టోర్నీ ఆహ్వానాన్నే తోసిపుచ్చారు. మరుసటి ఏడాది నిషేధం పోయింది. 1953లో నల్లజాతి కాలేజీలకు కూడా ఎన్‌ఏఐఏ దారి ఇచ్చింది.

1954 చివర్లో కాన్సస్ సిటీలో జరిగే సీజన్ ఆరంభ టోర్నీకి టెన్నెసీ ఏ అండ్ ఐకి పిలుపు వచ్చింది. పిలిచారు కదా అని మెక్‌లెండన్ వెంటనే బయల్దేరలేదు. మిగతా జట్లు ఉండే సిటీ సెంటర్ హోటల్లోనే మా పిల్లలకూ గదులు ఇవ్వాలి, వాళ్లతో పాటే భోజనం పెట్టాలి అని పట్టుబట్టారు. లేదంటే వచ్చేది లేదన్నారు. నిర్వాహకులు ఒప్పుకున్నారు. జట్టు వెళ్లింది, టోర్నీ గెలిచి వచ్చింది. సరిగ్గా స్విమ్మింగ్ పూల్ దగ్గర వాడిన పద్ధతే ఇది. ముందు షరతు ఒప్పించాలి, తర్వాత ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేకుండా ఆడి చూపించాలి.

1957, 1958, 1959.. హ్యాట్రిక్

ఆ తర్వాత వచ్చిందే అసలు స్వర్ణయుగం. ఇండియానా రాష్ట్రం గ్యారీ నుంచి వచ్చిన డిక్ బార్నెట్ అనే ఎడమచేతి వాటం కుర్రాడు, మెరుపు వేగంతో ఆడే జాన్ బార్న్‌హిల్, ఆ తర్వాత బెన్ వార్లీ లాంటి వాళ్లతో మెక్‌లెండన్ జట్టును తయారు చేసుకున్నారు. పరుగు పాతదే. క్రమశిక్షణ మాత్రం ఇంకా పెరిగింది. ఎవరు రెచ్చగొట్టినా తిరగబడొద్దు, బట్టలు, మాట, నడక అన్నీ శుభ్రంగా ఉండాలి. ఒక్క తప్పు జరిగినా అది ఒక ఆటగాడి తప్పుగా కాకుండా జాతి మొత్తానికి అంటగడతారని ఆయనకు బాగా తెలుసు. కుర్రాళ్ల మీద అది ఎంత పెద్ద భారమో కూడా తెలుసు. అయినా మోయించారు.

1957లో కాన్సస్ సిటీలో జరిగిన ఎన్‌ఏఐఏ ఫైనల్లో సౌత్‌ఈస్టర్న్ ఓక్లహోమాను ఓడించి జాతీయ టైటిల్ కొట్టారు. అందరికీ తెరిచిన జాతీయ టోర్నీలో ఓ నల్లజాతి కాలేజీ విజేతగా నిలవడం అదే మొదటిసారి. ఏదో గాలివాటంగా గెలిచారని అనుకున్నవాళ్లకు 1958లో సమాధానం దొరికింది. ఈసారి ఓడింది వెస్టర్న్ ఇల్లినాయ్. 1959లో పసిఫిక్ లూథరన్ వంతు. మూడేళ్లు, మూడు టైటిళ్లు! కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏ కోచ్ కూడా అంతకుముందు వరుసగా మూడు జాతీయ టైటిళ్లు గెలవలేదు. యూసీఎల్‌ఏకు వుడెన్ తొలి టైటిల్ తెచ్చింది ఆ తర్వాత అయిదేళ్లకు, 1964లో.

నాష్‌విల్‌లో అయిదు సీజన్లలో మెక్‌లెండన్ రికార్డు 149 గెలుపులు, 20 ఓటములు. ఆ జట్టులోని బార్నెట్ తర్వాత న్యూయార్క్ నిక్స్ తరఫున 1970, 1973లో ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచారు. ఇక మెక్‌లెండన్ వెళ్లిపోయాక నాష్‌విల్‌లో ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో తెలుసా? 1950లో ఆయన ట్రయల్స్‌కు తీసుకెళ్లిన హెరాల్డ్ హంటరే. తను లేకపోయినా నడిచేలా జట్టును కట్టడం అంటే ఇదే.

గెలిచిన చోటే ఇరుకు.. అన్నీ విజయాలే కావు

ఆపై కాలేజీ గడప దాటి బయటికి వచ్చారు మెక్‌లెండన్. క్లీవ్‌ల్యాండ్ పైపర్స్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆయన చేతిలో ఆ జట్టు 1961లో ఏఏయూ జాతీయ టైటిల్ గెలిచింది. అదే ఏడాది ఆ జట్టు కొత్తగా పెట్టిన ప్రొఫెషనల్ లీగ్ ఏబీఎల్‌లో చేరింది. దాంతో తెల్ల, నల్ల ఆటగాళ్లు కలిసి ఆడే ప్రొఫెషనల్ లీగ్‌లో తొలి నల్లజాతి హెడ్ కోచ్‌గా ఆయన నిలిచారు. ఆ జట్టు యజమాని జార్జ్ స్టైన్‌బ్రెన్నర్. తర్వాత న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు యజమానిగా దేశమంతా మారుమోగిన పేరు అది. ఇద్దరికీ పొసగలేదు. ఆటగాళ్ల జీతాల విషయంలో, యజమాని జోక్యం విషయంలో విభేదాలు ముదిరి 1962 జనవరిలో మెక్‌లెండన్ తప్పుకున్నారు. ఆయన కట్టిన ఆ జట్టే ఆ సీజన్ చివర్లో మరో కోచ్ కింద లీగ్ టైటిల్ గెలిచింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు కెంటకీ స్టేట్‌లో పనిచేశారు. 1966లో క్లీవ్‌ల్యాండ్ స్టేట్ యూనివర్సిటీ ఆయన్ని పిలిచింది. తెల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఉండే యూనివర్సిటీకి ఓ నల్లజాతి వ్యక్తి హెడ్ కోచ్ కావడం అమెరికాలో అదే తొలిసారి. అయితే మూడేళ్లలో అక్కడ గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. 1969లో ఏబీఏ లీగ్‌లో డెన్వర్ రాకెట్స్‌కు వెళ్లారు. అక్కడా కలిసిరాలేదు. 28 మ్యాచ్‌లు, 9 గెలుపులు, 19 ఓటములు.. అంతటితో కోచ్ కుర్చీకి తెరపడింది.

ఎందుకిలా జరిగింది? ఒక్క కారణం చెప్పలేం. కానీ ఒకటి మాత్రం కనిపిస్తుంది. పాతికేళ్ల వయసులో, ముప్పై ఏళ్ల వయసులో, తను శిఖరం మీద ఉన్నప్పుడు పెద్ద యూనివర్సిటీలేవీ ఆయన వైపు చూడలేదు. చూసేసరికి ఆయనకు యాభై దాటింది. చేతికిచ్చింది కూడా సున్నా నుంచి కట్టుకోవాల్సిన ప్రోగ్రామే. ఆయన డర్హమ్‌లో, నాష్‌విల్‌లో కట్టినవాటిని పోలిన అవకాశం మరో చోట సమయానికి దొరికి ఉంటే ఆ లెక్క ఎలా ఉండేదో ఎవరికి వాళ్లు ఊహించుకోవాల్సిందే.

ఆయన మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ కోచింగ్ బృందంలో చోటు దక్కించుకున్న తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. కన్వర్స్ బూట్ల కంపెనీ తరఫున దేశదేశాలు తిరిగి కోచ్‌లకు క్లాసులు చెప్పారు. ఫాస్ట్ బ్రేక్ మీద పుస్తకం రాశారు. ఆధిక్యం దొరికాక నలుగురు ఆటగాళ్లను నాలుగు మూలలకు పంపి బంతిని అట్టిపెట్టుకునే వ్యూహం 1960ల తర్వాత నార్త్ కరోలినా యూనివర్సిటీ కోచ్ డీన్ స్మిత్ పేరుతో మార్మోగింది. దానికి దగ్గరి పద్ధతిని మెక్‌లెండన్ అంతకు చాలా ముందే నల్లజాతి కాలేజీల కోర్టుల్లో ఆడించారు. అక్కడికి కెమెరాలు రాలేదు కాబట్టి లోకానికి తెలియలేదు.

గుర్తింపు వచ్చింది.. కానీ ఎప్పుడు?

1979లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు చోటిచ్చింది. ఆ హాల్ ఉన్నది స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, పేరు నైస్మిత్‌దే. గురువు పేరున్న గడపలోకి శిష్యుడు అడుగుపెట్టారు. కానీ అక్కడా ఓ వెలితి. ఆయన్ని తీసుకున్నది కోచ్‌గా కాదు, ఆటకు సేవ చేసిన వ్యక్తి అనే విభాగంలో. 500కు పైగా కాలేజీ మ్యాచ్‌లు గెలిచిన మనిషిని కోచ్ అనడానికి ఆ సంస్థకు ఇంకో 37 ఏళ్లు పట్టింది. 2016లో రెండోసారి, ఈసారి కోచ్‌గా హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆ రోజు చూడటానికి ఆయన లేరు. 1999 అక్టోబర్ 8న క్లీవ్‌ల్యాండ్ హైట్స్‌లో 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చివరి దశాబ్దంలో కూడా ఆయన తరగతి గది వదల్లేదు. క్లీవ్‌ల్యాండ్ స్టేట్‌లోనే క్రీడల చరిత్రలో మైనారిటీల పాత్ర గురించి విద్యార్థులకు పాఠాలు చెప్పారు. ఆ పాఠాల్లో సగం ఆయన స్వయంగా నడిచి వచ్చిన దారే.

మూడు టైటిళ్లు గెలిచిన టెన్నెసీ జట్టు సంగతీ అంతే. ఆ జట్టును మరిచిపోవద్దంటూ డిక్ బార్నెట్ ఏళ్ల తరబడి తిరిగారు, అడిగారు, రాశారు. 2019లో జట్టు మొత్తాన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2024 ఏప్రిల్‌లో ఆ జట్టులో మిగిలిన వృద్ధులకు వైట్‌హౌస్ నుంచి పిలుపు వచ్చింది. టైటిల్ గెలిచిన జట్లను అక్కడికి పిలవడం అమెరికాలో ఆనవాయితీ. వీళ్లకు ఆ పిలుపు రావడానికి 65 ఏళ్లు పట్టింది. ఆ మరుసటి ఏడాదే బార్నెట్ కూడా వెళ్లిపోయారు.

డర్హమ్‌లో ఆయన పనిచేసిన కాలేజీ ఇప్పుడు నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీ అయ్యింది. అక్కడి బాస్కెట్‌బాల్ అరీనాకు మెక్‌డగల్డ్ పేరుతో పాటు మెక్‌లెండన్ పేరు పెట్టారు. ఇప్పుడు అక్కడ మ్యాచ్ చూడటానికి ఎవరైనా వెళ్లొచ్చు. ఏ రంగు వాళ్లైనా, ఏ రోజైనా.